దింపు కేక

పోయినవారం రాజులమ్మను అరుగు మీద, కడుపు మండిపోతున్నదాన్ని మండిపోతున్నట్టే వదిలి వచ్చాం. మబ్బు పట్టిన ఆ పొద్దున ఆమె మొగుడు అప్పన్న కొబ్బరి చెట్టెక్కి, అలవాటు ప్రకారం మూడుసార్లు కేక వేసి గెల కోసి వదిలాడు. కింద ఆడుకుంటున్న ఐదేళ్ల కూతురు బొడ్డమ్మ కదల్లేదు. గెల నుంచి విడిపోయిన ఒక కాయ దాని భుజాన్ని రాసుకుంటూ ఇసకలో పడింది. చావు తప్పిన పిల్లను ఒళ్లోకి తీసుకోవాల్సింది పోయి, ఇల్లంతా కూడి దానికి శిక్ష వేసింది. మళ్లీ చెట్ల కిందికి పోకుండా కాలికి కొబ్బరితాడు బిగించి, అరుగు స్తంభానికి కట్టేశారు. దూడను కట్టినా మెత్తటి తాడు చూసి కడతారు.

కట్టేసి ఊరుకున్నారా? టెక్కలికి కబురు పెట్టారు. నాలుక కింద నరం కోసి మూగవాళ్ల చేత మాట్లాడిస్తానని చెప్పుకునే నాగభూషణం నౌపడలో రైలెక్కాడు. పూండిలో దిగి, అప్పన్న పంపిన బండిలో ఉద్దానం ఇసక దారి పట్టి, ఇదిగో, పొద్దెక్కకముందే వాళ్ల వాకిట్లో దిగాడు.

బొడ్డమ్మ పుట్టి ఐదేళ్లయినా నోరు విప్పి అమ్మా అనలేదు. అందులో మూడేళ్లు నాయనమ్మ, పేరు పెద్దతల్లి, దాని నాలుక మీద రోజూ వసకొమ్ము అరగదీసి రాసింది. మాటలు త్వరగా రావాలని పసివాళ్లకు గోరంత వస రాయడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. ఈవిడ గోరంతతో తృప్తి పడలేదు. పిల్లకు నాలుక మండి, చారు నీళ్లు నోట పెడితే గుక్కపట్టి ఏడ్చేది. ఆ ఏడుపు విని, గొంతు బాగానే ఉంది, నరమే అడ్డం పడిందని తేల్చారు. పోనీ ప్రేమ లేక చేసిందా అంటే అదీ కాదు. చిలక కొట్టిన జామపండు తినిపిస్తే మాట వస్తుందని ఎవరో అంటే, మోకాళ్ల నొప్పులతో మైళ్ల దూరం నడిచి వెతికి తెచ్చిన మనిషి పెద్దతల్లి. ప్రేమ ఉండి చేసిన పని కాబట్టే ఎవరూ ఆపలేకపోయారు.

నాగభూషణం అరుగు మీద చాప పరిపించుకుని కూర్చున్నాడు. ముందు తమలపాకు, దాని మీద పసుపు, పటిక ముక్క, చిటికెనవేలంత కత్తి. చలవ చేసిన కండువా, నున్నగా దువ్విన జుట్టు, ముఖం నిండా చిరునవ్వు. ఆ చిరునవ్వు చూస్తే నాకు ఒళ్లు మంట. పరాయివాళ్ల పిల్ల నోట్లో కత్తి పెట్టబోయేవాడికి అంత నింపాది ఎక్కడిది?

"ఇంకో గడియ దాటితే వర్జ్యం వచ్చేస్తుంది. పిల్లను పడుకోబెట్టండి. తల నేను చూసుకుంటాను, తండ్రి కాళ్లు పట్టుకుంటే చాలు. చిటికెలో అయిపోతుంది" అన్నాడు.

అప్పన్న లేచాడు. అప్పుడే చంటివాడికి పాలిచ్చి భుజాన వేసుకున్న రాజులమ్మ గడప దాటి వచ్చి, మొగుడికీ కూతురికీ మధ్య నిలబడింది. చంటివాడికి ఎనిమిదో నెల. తల్లి మెడ మీద మూతి ఆనించి నిద్రపోతున్నాడు.

"కాళ్లు పట్టుకుంటావా మావా? నీ కూతురి కాళ్లు నువ్వే పట్టుకుంటావా?"

"మాటొత్తాదంటన్నారు కదే. నాకేటి సంబరమా?" అన్నాడు అప్పన్న, ఆమె కళ్లలోకి చూడకుండా.

"దాని నాలిక్కి ఏటీ నేదు. దానికి ఇనపడదు. సెప్పి సెప్పి నా నోరెండిపోతంది. ఉరిమితే లెగదు. ఎనకమాల బిందె పడితే తిరగదు. ఎదురుగుండా నిలబడి సెయ్యూపితే సాలు, నవ్వుకుంటా వత్తాది. ఇదంతా నీకు కనపడ్డం నేదా?"

ఈ మాటకు జవాబు అత్తగారి దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

"ఇనపడకపోతే నా కొడుకు సెట్టెక్కి కేకేసినప్పుడల్లా అందరికన్నా ముందు పరిగెట్టేది ఎవులే? నీ పెద్దగుంట బంగారే దాని ఎనక పరిగెడతాది! సెవులు నేని పిల్ల అలగ పరిగెడతాదేటి?"

ఇదే ఆ ఇంట్లో అడ్డుగోడ. ఉద్దానంలో ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లే. పిల్లలు వాటి కిందే పాకుతారు, వాటి కిందే నడక నేరుస్తారు. అందుకని చెట్టెక్కినవాడు కాయ కోసే ముందు మూడుసార్లు దింపు కేక వేస్తాడు. ఆ కేక వినగానే ఎక్కడివాళ్లక్కడ లేచి పరుగెత్తాలి. అమ్మా అనడం రాని పసివాడికి కూడా ఆ కేక అర్థమవుతుంది. బొడ్డమ్మ నడక వచ్చిన నాటి నుంచీ మొన్న మబ్బు రోజు దాకా ఒక్కసారి కూడా తప్పలేదు. కేక పూర్తికాకముందే దడి దాటేసేది.

అప్పన్నకు అదొక గొప్ప. ఊళ్లో ఎవరైనా దాన్ని మూగి అంటే పడతాడు. చెవిటిది అంటే మాత్రం ఊరుకోడు. "నా గొంతు దానికి తెలుసు. ఎవులు పిలిసినా పలకదు గానీ నా కేకకి లెగుత్తాది" అని పూండి సంతలో ముక్కూ ముఖం తెలియనివాళ్లకు కూడా చెప్పేవాడు. నాలుగేళ్లుగా ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాడు. రాజులమ్మ దగ్గర దానికి ఎదురు మాట లేదు. పిల్లకు వినపడదని తల్లి మనసుకు తెలుసు. పిల్ల పరుగెత్తడం ఆమె కళ్లకూ కనిపిస్తోంది. ఈ రెండూ ఎలా కుదురుతాయో ఆమెకు అంతుపట్టలేదు.

"మరి మొన్నేల పరిగెట్టనేదు?" అంది.

"మొండితనం!" అంది పెద్దతల్లి.

"నరం బిగుసుకుపోయిన కొద్దీ బుద్ధి కూడా మందగిస్తుందమ్మా. ఇలాంటివాళ్లను నేను ఎందరిని చూశాను! ఇంకా ఆలస్యం చేస్తే పూర్తిగా పశువైపోతుంది" అన్నాడు నాగభూషణం.

పశువట! ఆ సమయంలో ఆ పశువు ఏం చేస్తోందో చెప్పనా? తాడు ఎంత వరకు వస్తే అంత వరకు జరిగి, అక్క అల్లి ఇచ్చిన కొబ్బరాకు చిలకను నాగభూషణానికి చాచి ఇస్తోంది. ఆయన నవ్వుతున్నాడు కదా, మంచివాడనుకుంది. ఆ పెద్దమనిషి దాన్ని అందుకోనైనా లేదు.

ఎనిమిదేళ్ల బంగారి చెల్లెలి కాలి దగ్గర కూర్చుని ఇందాకటి నుంచీ తాడు ముడితో కుస్తీ పడుతోంది. తల ఎత్తకుండానే అంది:

"కేకకి కాదు మామ్మా. అది నీడ సూత్తాది."

"ఏటే?" అంది రాజులమ్మ.

"నీడమ్మా. గాలొత్తే అన్ని మట్టలూ ఊగుతాయి. అయ్య ఎక్కితే ఒక్క మట్టే పక్కకి జరుగుతాది. అప్పుడు ఇసక మీద సెట్టు నీడ ఇప్పుకుంటాది. అది సూసీసి బొడ్డి లేసిపోతాది. అయ్య కేకెయ్యడానికి ముందే. నానూ దాన్ని సూసే పరిగెడతాను."

రాజులమ్మ బంగారి వైపు వంగింది.

"ఇన్నాళ్లూ సెప్పనేదేటే?"

"ఎవులడిగినారు?" అంది బంగారి.

నిజమే, ఎవరడిగారు? వస రాసేవాళ్లు, తాడు కట్టేవాళ్లు, మొండిదనీ పశువనీ పేర్లు పెట్టేవాళ్లు ఇంతమంది ఉన్నారు. రోజంతా ఆ పిల్లతో ఆడుకునే ఇంకో పిల్లను పిలిచి, ఇది ఎందుకు పరుగెత్తుతోందే అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. చిన్నపిల్ల, దానికేం తెలుసు అనుకున్నారు. పెద్దవాళ్లకు తెలిసింది ఎంతో చూస్తూనే ఉన్నాం కదా.

రాజులమ్మకు మొన్నటి పొద్దు కళ్ల ముందు కదిలింది. చెట్టు జారుతుందని అప్పన్న మబ్బు రోజుల్లో ఎక్కేవాడు కాదు, మొన్నొక్కరోజే ఎక్కాడు. ఆకాశం నిండా మబ్బు. ఇసక మీద ఎక్కడా నీడ లేదు. పిల్ల చిప్పలో ఇసక పోసుకుంటోంది. రాజులమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని తిన్నగా నిలబడింది.

"మావా, సెట్టెక్కు" అంది.

"ఏల?"

"కేకేద్దువు గాని. మట్ట ముట్టుకోకుండా ఉత్త కేక. పరిగెడితే నాను నోర్మూసుకుంటాను. ఆ బాబు సెప్పినట్టే సేయించు. పరిగెట్టకపోతే ఆ కత్తి మళ్లీ సంచిలోకి పోవాల."

"నానెక్కను" అన్నాడు అప్పన్న.

"ఏల ఎక్కవు?"

అతను దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "అది నా కేకకే పరిగెడతాది రాజులూ. ఆ ఒక్కటీ నాకొగ్గీ."

ఈ మనిషి చెడ్డవాడు కాదు. పిల్లను ఎప్పుడూ కొట్టినవాడు కాదు. అయినా ఆమెకు జాలి కంటే కోపమే ముందు వచ్చింది. నా మటుకు నేను ఆ కోపాన్ని తప్పు పట్టను.

"ఒగ్గీయాలా? నీకా మురిపెం మిగలడానికి దాని నోట్లో కత్తెట్టించాలా? నీ గొంతు అది ఇన్నా ఇనకపోయినా నువ్వు దాని అయ్యవి కదా! ఎక్కు!"

"ఏమ్మా, వైద్యం అంటే చెట్లెక్కే ఆటలు అనుకున్నారా? వర్జ్యం వచ్చేస్తోందని చెబుతున్నాను" అన్నాడు నాగభూషణం. ఆ చిరునవ్వు మొదటిసారి కొంచెం సన్నబడింది.

రాజులమ్మ వంగి, తమలపాకు మీది కత్తి తీసుకుంది. చంటివాణ్ని ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేత్తో బొడ్డమ్మ కాలి తాడు పరపరా కోసేసి, కత్తి చాప మీద పడేసింది. చీలమండ చుట్టూ ఎర్రగా కమిలి, తోలు లేచిపోయి ఉంది.

"అయ్యయ్యో, పూజలో పెట్టిన కత్తి!" అని నాగభూషణం లేచి నిలబడ్డాడు.

పెట్టినవాడు ఏ పూజలో పెట్టాడో గాని, ఆ కత్తి ఆ ఇంట్లో చేసిన మంచి పని అదొక్కటే.

ఇంటి వెనక, దడి పక్కన ఉన్న చెట్టు మరీ ఎత్తైనది కాదు. మబ్బు విడిపోయి రెండు రోజులైంది. ఎండ తూర్పు నుంచి సూటిగా కొడుతోంది. చెట్టు నీడ పడమటి వైపు తెల్లటి ఇసక మీద పొడుగ్గా పడి, దాని తల ఆరేడు బారల దూరంలో చిక్కగా ఉంది. రాజులమ్మ బొడ్డమ్మను చెట్టు మొదట్లో పడమటి ముఖంగా కూర్చోబెట్టి, చేతికి రెండు కొబ్బరి చిప్పలు ఇచ్చింది. అప్పన్న కాళ్లకు పీచు బంధం వేసుకుని ఎక్కాడు. ఎన్ని వందలసార్లు ఎక్కిన చెట్టో! ఆ రోజు మాత్రం సగంలో రెండుసార్లు ఆగాడు.

"సెట్టుని కావలించుకుని ఉండిపో మావా. ఒక్క మట్ట కూడా ముట్టుకోకు. నాను సెయ్యెత్తితే కేకెయ్యి."

చెయ్యి ఎత్తింది.

"ఓహోయ్! కాయొత్తన్నాదోయ్!"

ఉద్దానం వాళ్ల దింపు కేక మూడు తోటలు దాటి వినిపిస్తుంది. తలల మీద కాకులు గుంపుగా లేచాయి. దడి అవతల ఎవరిదో దూడ బెదిరి గుంజ లాగింది. ఆ పక్క దొడ్లో ఒకావిడ తన చెట్టనుకుందో ఏమో, ఊడుస్తున్న చీపురు పారేసి చూరు కిందికి పరుగెత్తింది. బొడ్డమ్మ ఒక చిప్పలోంచి ఇంకో చిప్పలోకి ఇసక పోసుకుంటోంది.

రెండో కేక. బొడ్డమ్మ చిప్ప బోర్లించి ఇసక ముద్ద కుదిరిందా లేదా అని చూసుకుంది.

మూడోది దింపు కేక కాదు.

"బొడ్డీ! ఓలమ్మా, బొడ్డీ! నానే! మీ అయ్యనే!"

అతని గొంతు చీలిపోయింది. కింద పిల్ల ముద్ద మీద వేలితో కళ్లు పెట్టింది, ముక్కు పెట్టింది.

రాజులమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. "ఇప్పుడు నోరిప్పకుండా మట్ట నెట్టు" అంది.

పైన ఒక్క మట్ట పక్కకు జరిగింది. ఇసక మీద చెట్టు తల నీడ మధ్యలో చీలి, వెలుతురు పడింది. బొడ్డమ్మ దిగ్గున లేచింది. చిప్పలు చంకలో పెట్టుకుంది. పక్కనే నిలబడ్డ అక్క చెయ్యి పట్టి లాగి, దడి దాకా ఒక్క పరుగు తీసింది. అక్కడ నిలబడి, అందరూ ఇంకా చెట్టు కిందే ఎందుకు ఉన్నారా అన్నట్టు చూసింది.

పెద్దతల్లి ఇసక మీది నీడనూ మనవరాలినీ మార్చి మార్చి చూసింది. నాగభూషణానికి ఎప్పుడూ మాట కరువు లేదు.

"చూశారా! మట్ట చిన్నగా కదిలిన చప్పుడుకే లేచిపోయింది. అంత సన్నటి చప్పుడు పట్టుకున్న పిల్లకు చెవులు లేవంటే ఎలాగమ్మా?"

ఆ మాట విన్నప్పుడు రాజులమ్మ చేతిలో ఆ కత్తి లేకపోవడం ఆయన అదృష్టం. పెళ్లాం బిడ్డలున్నవాడు, నలుగురిలో తిరిగేవాడు, కళ్ల ముందు జరిగినదాన్ని ఇలా తిరగేసి చెప్పడానికి ఎంత తెగింపు ఉండాలి! ఊరంత కేక వినని పిల్ల ఆకు కదలిక విన్నదట.

అప్పుడు పెద్దతల్లి ముందుకు వచ్చింది.

"ఉండండి బాబూ. నాను సూత్తాను."

ఆవిడ మనవరాలి చెయ్యి పట్టుకుని మళ్లీ చెట్టు కిందికి తీసుకొచ్చింది. ఈసారి నీడకు వీపు పెట్టి, తూర్పు ముఖంగా కూర్చోబెట్టింది. నొప్పి మోకాళ్లు ముడుచుకుని తాను దానికి ఎదురుగా కూలబడింది. తలెత్తి కొడుకును పిలిచింది.

"ఒరే అప్పన్నా! ఇప్పుడు కేకా ఎయ్యి, మట్టా కదుపు. రెండూ సెయ్యి. గట్టిగా!"

అతను రెండూ చేశాడు. చెట్టంతా అదిరేలా ఊపాడు. వెనక ఇసక మీద నీడ విప్పుకుంటోంది, మూసుకుంటోంది. బొడ్డమ్మ నాయనమ్మ కాలి వేళ్ల మీద ఇసక పోసి అరచేత్తో అద్దుతోంది. ఒకసారి తలెత్తి, ముసలావిడ ముఖం ఎందుకలా ఉందో అర్థంకాక బుగ్గ తడిమింది.

పెద్దతల్లి మెల్లగా దాని భుజాలు పట్టి పడమటికి తిప్పింది. నీడ కంట పడగానే పిల్ల అదిరిపడి లేచింది. ఈసారి పారిపోలేదు. నాయనమ్మ కొంగు రెండు చేతులా పట్టుకుని, లే, లే అన్నట్టు బలమంతా పెట్టి లాగింది. ముఖం ఎర్రబడింది. గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది.

"వత్తన్నానమ్మా, వత్తన్నాను" అంటూ పెద్దతల్లి లేవబోయి, లేవలేక, దాన్ని పట్టుకుని ఏడ్చేసింది.

"మూడేళ్లు! మూడేళ్లు నాలిక కాల్సినాను కదే! మండి ఏడిత్తే గొంతొత్తందని మురిసినాను. నన్నెవులూ ఆపనేదేటే?"

"నానాపినాను అత్తా" అంది రాజులమ్మ.

అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనాల్సింది చాలా ఉంది. కోడలు ఏమంటే అది పొగరు, అత్త ఏం చేస్తే అది అనుభవం అన్న ఇంట్లో తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి ఆమె. ముసలావిడ ఇసకలో కూర్చుని ఏడుస్తుంటే ఆ లెక్కలన్నీ తీయడానికి మనసొప్పలేదు.

అప్పన్న దిగాడు. దిగడంలో రొమ్ము గీరుకుపోయి రక్తం చిమ్మింది. కూతురి దగ్గరికి వెళ్లలేదు. చెట్టు మొదట్లో చతికిలబడి కాళ్ల బంధం విప్పుకుంటూ ఉండిపోయాడు.

"నా గొంతు ఎలగుంటాదో దానికి తెల్దు" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

రాజులమ్మకు జాలేసింది. కానీ ఓదార్చే ఓపిక లేదు. ఇంకో గడియ ఆలస్యమైతే ఈ మనిషే ఆ కాళ్లు పట్టుకుని ఉండేవాడు. ఆ మాట ఆమె ఇప్పట్లో మరిచిపోలేదు.

కాసేపటికి అతనే లేచాడు. నాగభూషణం ముందు నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"బండి కడతాను బాబూ. తమరు దయసెయ్యండి."

"అదేమిటి? చెవి నరం, నాలుక నరం రెండూ ఒకే మూలం నుంచి వస్తాయి. ఇది కోస్తే అదీ సర్దుకుంటుంది. మీకు తెలియక..."

"బాబూ!" అంది రాజులమ్మ. గొంతు పెద్దది చేయలేదు. "మొదట నాలిక అన్నారు. ఇందాక బుద్ధన్నారు. ఇప్పుడు సెవంటన్నారు. ఆ గుంట ఒంట్లో ఎక్కడ కొయ్యాలో మీకే తెల్దు. ఏదో ఒకటి కొయ్యాల, అంతే మీకు. మీరొచ్చినప్పుడు అది మీకు ఆకు సిలకనిచ్చింది. మీరు దాని మొకం కూడా సూడనేదు. నోరు మాత్తరం తెరిపించి సూత్తారంట! ఎన్నూళ్లలో ఎంతమంది నోళ్లు కోసినారో, ఒక్కళ్లని తెచ్చి నా ముందు మాటాడించండి. అప్పుడు నానే పిల్లని పట్టుకుంటాను, మా ఆయనక్కర్నేదు."

నాగభూషణం ముఖం మీద నవ్వు పూర్తిగా పోయింది. అరుగు మీదికి వెళ్లి పటిక, పసుపు, కత్తి ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. అప్పన్న ఎడ్లు తోలుకురావడానికి వెళ్లాడు. పెద్దతల్లి మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, కమిలిన చీలమండకు కొబ్బరినూనె రాస్తోంది. బంగారి మళ్లీ ఓ కొబ్బరాకు తెచ్చి చీలుస్తోంది. ఐదేళ్లలో మొదటిసారి రాజులమ్మకు ఆ ఇంట్లో కాళ్లు ఆనినట్టు అనిపించింది. గెలిచానని పొంగిపోయే పాటి తీరిక ఆమెకు లేదు గాని, పిల్ల నాలుక పిల్లకు దక్కింది. అది చాలు.

సంచి భుజాన తగిలించుకున్న నాగభూషణం మెట్టు దిగి ఆగాడు. వెనక్కి తిరిగి రాజులమ్మ వంక చూశాడు. ఆమె ముఖం వంక కాదు, భుజం వంక.

"మీరు పెట్టిన పరీక్ష బాగుందమ్మా" అన్నాడు. "మీ ఆయన ఊరు అదిరేలా కేకలు వేశాడు. చెట్టు మీద కాకులు లేచాయి. అవతల దొడ్లో దూడ బెదిరింది. ఎవరో ఆవిడ చీపురు పారేసి పరుగెత్తింది. మీ భుజం మీది బాబు ఆ చెట్టు కిందే ఉన్నాడు కదా. లేవలేదేం?"

రాజులమ్మకు ముందు ఆ మాట అర్థం కాలేదు. తరవాత అర్థమైంది.

చంటివాడు మెడ మీద వెచ్చగా ఊపిరి వదులుతున్నాడు. పాలు తాగి పడుకున్నాడు, మంచి నిద్ర, అంతే అనుకుంది. వీడు పుట్టినప్పటి నుంచీ ఇంతే. ఇంట్లో ఎవరు ఎంత గొడవ చేసినా ఉలిక్కిపడడు, బంగారు కొండ అని చూడవచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. బొడ్డమ్మ పసిగుడ్డుగా ఉన్నప్పుడూ సరిగ్గా ఆ మాటే అన్నారు.

"ఎనిమిది నెలలంటే మంచి వయసు. నరం ఇంకా లేతగా ఉంటుంది" అన్నాడు నాగభూషణం. అని, బండి వచ్చేదాకా నిలబడడం ఎందుకన్నట్టు మళ్లీ అరుగు మీదికి ఎక్కి కూర్చున్నాడు. సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పెద్దతల్లి చేతిలోని నూనె గిన్నె కింద పెట్టింది. ఒళ్లోంచి బొడ్డమ్మను దింపింది. లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ కోడలి వెనక్కి వచ్చింది. నిద్రపోతున్న మనవడి చెవి దగ్గర, నూనె చేతులు రెండూ చప్పట్లకు ఎత్తింది.

ఇందాక పరీక్ష కావాలని మొగుణ్ని చెట్టెక్కించిన రాజులమ్మే ఆ చేతులు రెండూ గాల్లో పట్టేసుకుంది.

"వొద్దత్తా" అంది. "ఈయన ముందర వొద్దు. ఆ మనిసి ఈ అరుగు దిగి ఎల్లిపోయే వరకూ నా బిడ్డ ఇంటాడు. వొద్దు!"